ఆగిన చోటి నుంచే పాఠం

తెలంగాణలోని నడిగడ్డ బడుల్లోకి తెరలొచ్చాయి. ఇప్పుడు కృత్రిమ మేధ కూడా రాష్ట్రంలోని బడుల గడప తొక్కింది. వీటితో మెరవాల్సింది పాఠమా, నిలబడాల్సింది పిల్లల చదువా? మానవపాడు లాంటి మండలాల్లో ఒక తరం భవిష్యత్తు ఈ ప్రశ్నకు మనం చెప్పే జవాబు మీదే ఆధారపడి ఉంది.

ఆగస్టు వచ్చిందంటే నడిగడ్డలో విత్తనం కోసం వేసే సీడు పత్తి చేలు పూతకొస్తాయి. సాయంత్రం పూట ఆడ మొక్కల మొగ్గలు విప్పి, పుప్పొడి ఉండే భాగాన్ని గిల్లేయాలి. తెల్లారాక మగ పువ్వును తెచ్చి దానికి అద్దాలి. ఈ పనినే ఇక్కడ క్రాసింగ్ అంటారు. మొగ్గ మొగ్గకూ చేత్తోనే చెయ్యాలి, పూత ఉన్నన్నాళ్లూ ఒక్క రోజూ ఆపడానికి ఉండదు. అందుకే కూలీల కరువు వచ్చినప్పుడల్లా చూపు పిల్లల మీద పడింది. 2000 దశకం మొదట్లో పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు చేసిన అధ్యయనాలు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సీడు పత్తి చేలల్లో ఎంతమంది పిల్లలు పనిచేస్తున్నారో, వాళ్లలో ఆడపిల్లలు ఎంత ఎక్కువో బయటపెట్టాయి. ఆ తర్వాత పరిస్థితి మెరుగుపడింది. అయినా పూత కాలంలో బడికి డుమ్మా పడటం పూర్తిగా పోలేదు.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నేల కాబట్టి దీనికి నడిగడ్డ అని పేరు. మానవపాడు ఈ నేలలో, కర్నూలుకు దగ్గరగా, గద్వాల రైలు దారి మీద ఉంది. 2016 అక్టోబరు 11న జోగుళాంబ గద్వాల జిల్లా ఏర్పడినప్పుడు 2011 జనాభా లెక్కలను కొత్త సరిహద్దులకు సర్ది చూస్తే, ఈ జిల్లా అక్షరాస్యత 49.87 శాతం. రాష్ట్రంలో అన్నిటికన్నా తక్కువ. అంటే ఇక్కడ బడికి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇంట్లో పుస్తకం పట్టుకుని పక్కన కూర్చునే పెద్దవాళ్లు లేరు. బడిలో తప్పిపోయిన పాఠం ఇంట్లో దొరకదు.

పూత కాలంలో నెలన్నర బడికి రాని ఒక నాలుగో తరగతి అమ్మాయిని ఊహించండి. ఆమె వెళ్లేటప్పటికి క్లాసు భాగహారాల దగ్గర ఉంది. తిరిగొచ్చేటప్పటికి భిన్నాల్లోకి పోయింది. భాగహారమే రాని పిల్లకు భిన్నం ఎలా అర్థమవుతుంది? ఆమె వెనక బెంచీలోకి జరుగుతుంది, నోట్సు చూసి రాసుకుంటుంది, పై తరగతికి పోతుంది. ఐదారేళ్లకు ఒకరోజు బడి మానేస్తుంది. బడిలోకి వచ్చే ఏ యంత్రానికైనా పరీక్ష ఈ అమ్మాయే. ఆమె ఆగిన చోటు ఆ యంత్రానికి తెలుస్తుందా, లేదా?

తెరలు వచ్చిన దారి

కంప్యూటరు మన సర్కారు బడికి కొత్తేమీ కాదు. 2008 ప్రాంతంలోనే ఉమ్మడి రాష్ట్రంలో ఐదు వేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ ల్యాబులు పెట్టారు. నిర్వహణ ప్రైవేటు సంస్థలకు ఐదేళ్ల ఒప్పందం మీద ఇచ్చారు. గడువు ముగిశాక బోధకులు వెళ్లిపోయారు, చాలాచోట్ల గదులకు తాళాలు పడ్డాయి. 2016 నవంబరులో తెలంగాణ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో డిజిటల్ తరగతులు మొదలయ్యాయి. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి, టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లలో పాఠాలు ప్రసారం చేశారు. టీవీ ఉన్న పిల్లలు విన్నారు. విన్నది అర్థమైందో లేదో అడిగేవాళ్లు మాత్రం చాలా ఇళ్లలో లేరు.

2022 మార్చి 8న పొరుగునే ఉన్న వనపర్తిలో ‘మన ఊరు - మన బడి’ మొదలైంది. రాష్ట్రంలోని 26,065 బడులను మూడు విడతల్లో, 7,289 కోట్ల రూపాయలతో బాగుచేయాలన్నది లక్ష్యం. నీళ్లు, మరుగుదొడ్లు, కరెంటు, బెంచీలతో పాటు డిజిటల్ వసతులనూ అందులో చేర్చారు. ఆ తర్వాత ఉన్నత పాఠశాలల గోడల మీదికి వేలితో తాకితే పలికే పెద్ద ప్యానెళ్లు వచ్చాయి. పాఠ్యపుస్తకాల మీద క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి.

వసతులు పెరగడం మంచిదే. కానీ ఈ జాబితాలో ఎక్కువ వస్తువులు ఒకే పని చేస్తాయి. ఒకే పాఠాన్ని అందరికీ ఒకేసారి, ఇంకాస్త రంగులతో చూపిస్తాయి. గుండె ఎలా కొట్టుకుంటుందో, గ్రహణం ఎలా పడుతుందో నల్లబల్ల మీద గీసి చెప్పడం కన్నా తెర మీద కదిలే బొమ్మతో చెప్పడం మేలు, సందేహం లేదు. అయితే భాగహారం రాని అమ్మాయికి భిన్నాల వీడియో ఎంత అందంగా ఉన్నా భిన్నాలు రావు. పాఠం టీచరు చేతిలోంచి తెర మీదికి మారింది గానీ పిల్లల చేతికి రాలేదు.

లోకం చూపిన రుజువులు

ఈ తేడా ఎంత పెద్దదో నిగ్గు తేల్చిన అధ్యయనాలున్నాయి. దక్షిణ అమెరికాలోని పెరూ దేశం పల్లె బడుల్లో పిల్లవాడికొక లాప్‌టాప్ చొప్పున పంచింది. 319 బడులను పరిశీలించిన పరిశోధకులు 2012లో ఫలితం చెప్పారు. గణితంలో గానీ, భాషలో గానీ మార్పు కనపడలేదు. వస్తువు చేరింది, దాన్ని చదువుతో ముడిపెట్టే ఏర్పాటు మాత్రం చేరలేదు.

మన దేశంలో ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. గుజరాత్‌లో జ్ఞానశాల అనే సంస్థ నడిపే బడుల్లో లీ లిండెన్ అనే ఆర్థికవేత్త ఒకే గణిత సాఫ్ట్‌వేర్‌ను రెండు రకాలుగా వాడి చూశారు. బడి వేళల్లో టీచరు పాఠానికి బదులుగా కంప్యూటరు దగ్గర కూర్చోబెట్టిన పిల్లలు వెనకబడ్డారు. బడి వేళల బయట, పాఠానికి తోడుగా వాడిన పిల్లలు ముందుకు పోయారు. యంత్రం అదే, సాఫ్ట్‌వేర్ అదే. టీచరుకు బదులా, టీచరుకు తోడా అన్నదొక్కటే తేడా.

ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. అక్కడి ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారని వాళ్లు తేల్చారు. పిల్లల స్థాయిని కనిపెట్టి, అక్కడి నుంచే ప్రశ్నలిచ్చే సాఫ్ట్‌వేర్‌ను నాలుగున్నర నెలలు వాడితే గణితంలోనూ, హిందీలోనూ స్పష్టమైన మెరుగు కనిపించింది. మామూలు బడిలో నేర్చుకునేదానితో పోలిస్తే, వెనకబడిన పిల్లలకే దానివల్ల ఎక్కువ మేలు జరిగింది. ఇంకో సంగతి మరవకూడదు. రోజూ తొంభై నిమిషాల్లో సగమే కంప్యూటరు. మిగతా సగం చిన్న బృందంలో మనిషి దగ్గర కూర్చుని నేర్చుకోవడం.

నిచ్చెన మన దగ్గరే ఉంది

పిల్లలను కేంద్రంగా పెట్టి బోధించాలన్న ఆలోచన తెలుగు నేలకు యంత్రాలతో రాలేదు. 1980, 90 దశకాల్లో బ్రిటన్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకాన్ని పాత టీచర్లు ‘ఏపెప్’ అంటూ ఇప్పటికీ తలుచుకుంటారు. చేసి నేర్చుకోవాలి, గుంపులుగానూ విడిగానూ పనిచేయించాలి, పిల్లల మధ్య తేడాలకు చోటివ్వాలి, ఊరి పరిసరాలనే పాఠం చెయ్యాలి, పిల్లలు చేసినవి గోడ మీద పెట్టాలి అని ఆ శిక్షణ నేర్పింది.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు ఇంకో అడుగు వేశారు. ఒకే టీచరున్న చిన్న పల్లె బడుల కోసం పాఠ్యపుస్తకాన్ని విడదీసి కార్డులు చేశారు. గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ. దాని మెట్లు చూసి తను ఏ మెట్టు మీద ఉన్నదీ పిల్లవాడే తెలుసుకుంటాడు, తర్వాతి కార్డు తనే తీసుకుంటాడు. పది రోజులు రాకపోతే, తిరిగొచ్చాక ఆగిన కార్డు దగ్గరే మొదలుపెడతాడు. కొత్త విషయం నేర్చుకునేవాళ్లు టీచరు పక్కన కూర్చుంటారు. వచ్చింది సాధన చేసేవాళ్లు ఒకరికొకరు సాయం చేసుకుంటారు. ఈ పద్ధతి స్ఫూర్తితోనే కర్ణాటకలో ‘నలి కలి’, తమిళనాడులో కృత్యాధార బోధన వేల బడులకు పాకాయి. దీనికి కరెంటు అక్కర్లేదు.

మానవపాడు మండలం లాంటి చోట ఇది ఎంత అవసరమో చట్టం లెక్కే చెబుతుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరే టీచర్లు. తరగతులు మాత్రం ఐదు. ఒక టీచరు రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టక తప్పదు. 2022 ఆగస్టు 15న రాష్ట్రం మొదలుపెట్టిన ‘తొలిమెట్టు’ కూడా పిల్లల స్థాయిని బట్టి చదవడం, రాయడం, లెక్కలు నేర్పాలనే అంటుంది. ఆ మాట ఆచరణలోకి రావాలంటే టీచరుకు రెండో జత చేతులు కావాలి. సాంకేతికతే ఆ చేతులవ్వాలి.

కొత్తగా వచ్చిన తోడు

2025 ఫిబ్రవరిలో తెలంగాణ విద్యాశాఖ కొన్ని జిల్లాల్లో ఏక్‌స్టెప్ ఫౌండేషన్ తోడ్పాటుతో ‘ఏఎక్స్ఎల్’ అనే కృత్రిమ మేధ సాధనాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. మూడు నుంచి ఐదు తరగతుల్లో చదవడం, లెక్కలు చెయ్యడం సరిగా రాని పిల్లలను ఎంచి, దగ్గర్లోని కంప్యూటర్ల దగ్గరికి చిన్న బృందాలుగా తీసుకెళ్లి, తెలుగు, గణితం సాధన చేయిస్తారు. వెనకబడిన పిల్లలతోనే మొదలుపెట్టడం ఈ ప్రయత్నంలో మెచ్చుకోవాల్సిన సంగతి. దిశ సరైనదే. నడిగడ్డకు అది పూర్తిగా అందాలంటే నాలుగు విషయాలు సరిచూసుకోవాలి.

మొదటిది, యాస. పిల్లల గొంతు విని తప్పొప్పులు చెప్పే యంత్రానికి నడిగడ్డ పలుకుబడి తెలియాలి. గట్టు, కేటీ దొడ్డి వైపు ఇళ్లలో కన్నడమూ వినపడుతుంది. సొంత మాటను తప్పని తెర చెబితే ఆ పిల్ల నోరు మూసుకుంటుంది. రెండోది, నెట్టు, కరెంటు. ఇవి లేకపోయినా పనిచేసే సాధనమే పల్లెకు పనికొస్తుంది. మూడోది, మరమ్మతు. చెడిపోయిన వస్తువును వారంలోగా బాగుచేసే మనిషి మండలంలోనే ఉండాలి. లేకపోతే 2008 నాటి ల్యాబుల గతే పడుతుంది. నాలుగోది, పాఠాల మీద హక్కు. ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చింది. వాటిలో బైజూస్ పాఠాలున్నాయి. రెండేళ్లు తిరక్కుండానే ఆ కంపెనీ దివాలా విచారణలో పడింది. సర్కారు బడి పాఠం ఏ కంపెనీ బతుకు మీదా ఆధారపడకూడదు.

అన్నిటికన్నా పెద్ద విషయం టీచరు సమయం. ఇవాళ టీచరు ఫోన్లో హాజరు యాప్ ఉంది, మధ్యాహ్న భోజనం లెక్క ఉంది, యూడైస్‌లో బడి వివరాలు నింపడం ఉంది. ఇవి పై ఆఫీసులకు సమాచారం పంపే సాంకేతికత. పిల్లకు పాఠం పంపేది కాదు. పైకి పంపే పని తగ్గించకుండా కొత్త సాధనం ఇస్తే, అది టీచరు నెత్తిన ఇంకో బరువు అవుతుంది.

కాబట్టి మానవపాడు బడులకు ఖరీదైన ప్రణాళిక అక్కర్లేదు. ప్రతి ప్రాథమిక పాఠశాలకు నాలుగైదు ట్యాబ్‌లు, గోడ మీద ఒక నిచ్చెన, పెట్టె నిండా కార్డులు చాలు. ఒక బృందం ట్యాబ్ దగ్గర, ఒక బృందం కార్డుల దగ్గర, ఒక బృందం టీచరు దగ్గర వంతులవారీగా కూర్చోవాలి. సీడు పత్తి సీజను ముగియగానే తిరిగొచ్చిన పిల్లల జాబితా రాసుకుని, ఒక్కొక్కరూ ఎక్కడ ఆగారో చూసి, వాళ్లకు ప్రత్యేకంగా రోజూ ఒక గంట కేటాయించాలి. సీజనులో పిల్లలు చేలోకి పోకుండా చూడటం చట్టం బాధ్యత. పోయిన పిల్లను వదిలెయ్యకుండా చూడటం బడి బాధ్యత.

బడికి వెళ్లి అడగండి

2024 నుంచి ప్రతి సర్కారు బడికీ అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ఉంది. మహిళా సంఘాల వాళ్లు, పిల్లల తల్లులు అందులో ఉన్నారు. అమ్మలారా, బడికి ఎన్ని తెరలు వచ్చాయని అడిగితే సరిపోదు. ఈ మూడు ప్రశ్నలు అడగండి. ‘సారూ, మా పిల్ల ఏ మెట్టు మీద ఉంది? ఈ వారం ఆ యంత్రాన్ని తన చేత్తో ఎంతసేపు వాడింది? నెల రోజులు రాకపోతే ఎక్కడి నుంచి మొదలుపెడతారు?’ ఈ మూడిటికీ జవాబు దొరికిన బడిలో చిన్న ట్యాబ్ ఉన్నా చాలు. జవాబు దొరక్కపోతే గోడ నిండా తెరలున్నా లాభం లేదు. జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి. అడిగే హక్కు మీది, చెప్పాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.