చింతగింజలతో తొలి లెక్కలు

పంచాయతీ సభ్యులు అంగన్‌వాడి కేంద్రమును చూడబోయినపుడు పిల్లలు లేచి నిలిచి ఒకటి మొదలు ఇరువది వరకు ఏకధాటిగా వల్లించినచో సంతోషింపవలసినదే. కాని వెంటనే ఒక చిన్న పరీక్ష చేయవలెనని మా మనవి. కొన్ని చింతగింజలు ముందు పోసి, “ఏడు ఇయ్యమ్మా” అని అడిగి చూడవలెను. ఇరువది వల్లించిన బిడ్డయే గుప్పెడు తీసి చేతిలో పెట్టవచ్చును. ఇది మందబుద్ధి కాదు. అంకెల పేర్లు పాటవలె నోటికి వచ్చుట వేరు, ఏడనగా ఎన్నియో తెలియుట వేరు. ఈ రెండవది సాధారణముగా మూడున్నర, నాలుగేండ్ల ప్రాయమున గాని కుదురుకొనదు.

అది కుదురుటకు చేతికి పని కల్పింపవలెను. బిడ్డ ఒక్కొక్క గింజను ముట్టి, ఆవలకు జరిపి, ఒక్క పేరే చెప్పవలెను. చివర పలికిన పేరే మొత్తము. పిమ్మట అవే గింజలను ఎడముగా పరచి “ఇప్పుడెన్ని?” అని అడుగవలెను. బిడ్డ మరల మొదటినుండి లెక్కించినచో ఆపరాదు. కొన్నాళ్లకు లెక్కింపకయే “ఏడే” అనును. ఆనాడు ఆ బిడ్డకు ఏడు వచ్చినట్లు.

సామగ్రికై కావలి, నెల్లూరు అంగళ్లకు పోనక్కరలేదు. ఏడేసి గుంటలు రెండు వరుసలుగా గల వామనగుంటల పీట మన పూర్వుల ఇండ్లలో ఉండెడిది. గుంటకొక గింజ చొప్పున వేయుచు పోవుటకంటె మంచి అభ్యాసము మాకు కనిపింపలేదు. పీట లేనిచో అరుగుపై సుద్దతో గీసినను చాలును. నాలుగింటిని పుంజీ యనెడి అవ్వల మాటను కూడ పిల్లలకు అందింపవచ్చును.

పది దాటగానే చిక్కు వచ్చును. పన్నెండు, పంతొమ్మిది అను పేర్లలో పది దాగియున్నను బిడ్డ చెవికి అది తెలియదు. కావున టెంకాయ ఈనెలను పదేసి కట్టలుగా దారముతో కట్టించవలెను. ఒక కట్ట, రెండు విడిపుల్లలు కలిసి పన్నెండు. అనుమానము కలిగినచో బిడ్డ కట్ట విప్పి చూచుకొనును. గోడబొమ్మలో ఈ సౌకర్యము లేదు. నిధులన్నియు రంగులకే వెచ్చించుట మాకు రుచింపదు.

బోగోలు ప్రాంతమున మరియొక సదుపాయము కలదు. బిట్రగుంట మీదుగా పోవు గూడ్సు పెట్టెలను ఐదేండ్ల బిడ్డ నోటితో లెక్కించుట కష్టము. పట్టాలకు దూరముగా, పెద్దల చెంత కూర్చుండబెట్టి, పెట్టెకొక గులకరాయి డబ్బాలో వేయించి, బండి పోయిన పిదప రాళ్లను పదేసి పేర్పింపవలెను. జువ్వలదిన్నె వంటి తీరగ్రామములలో గవ్వలు, సరుగుడు కాయలు పనికివచ్చును.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో ప్రాథమిక విద్యయు, స్త్రీ శిశు అభివృద్ధియు కలవు. 2021 జూలై 5న ఆరంభమైన నిపుణ్ భారత్, మూడవ తరగతి ముగియులోపల ప్రతి బిడ్డకు చదువును, లెక్కల పునాదిని సమకూర్చుటకు 2026-27ను గడువుగా పెట్టినది. ఆ పునాది పడునది ఈ గింజలతోనే గనుక, కేంద్రమునకొక మూతగల డబ్బా, పది కట్టల ఈనెలు ఉన్నవో లేవో సభ్యులు విచారింపవలెను.

మూడేండ్లలోపు పిల్లలకు మాత్రము గింజలు, గవ్వలు, గులకరాళ్లు ఈయరాదు. నోటిలో, ముక్కులో పెట్టుకొందురు. వారికి టెంకాయ చిప్పలు, తాటి టెంకలు మేలు. పెద్దపిల్లలకైనను ఇరువది గింజలిచ్చినచో ఆట ముగియగానే ఇరువదియు వారిచేతనే లెక్కించి డబ్బాలో వేయింపవలెను.