వెనుక చక్రము, వానకాలపు వీపు

జనగామనుండి స్టేషన్ ఘనపూరునకు పోవు జాతీయ రహదారిమీద, 2016 వఱకు వరంగల్లు జిల్లాలోను అటుపిమ్మట జనగామ జిల్లాలోను చేరియున్న రఘునాథపల్లివద్ద, తొలకరి కురిసి వెలిసిన సాయంకాలమున నిలిచి చూచినచో, బడినుండి యిండ్లకు మరలు పిల్లలలో ఎవరు ఏ సైకిలు త్రొక్కుచున్నారో తెలియుటకు సైకిలును చూడనక్కఱలేదు. వారు దాటిపోయిన పిదప వీపులను చూచిన చాలును. పాతకాలపు నల్లని నిలువెత్తు సైకిలువాని చొక్కా శుభ్రముగానే యుండును; లావుపాటి టైర్లు, గేర్లు గల మౌంటెన్ సైకిలువాని వీపుమీద మాత్రము నడుమునుండి మెడవఱకు ఎఱ్ఱమట్టి చార నిలువునా తీర్చినట్లుండును.

ఈ చారకు కారణము చక్రగతిలోనే కలదు. తడిసిన బాటమీద దొరలు టైరునకు నీరును మన్నును అంటుకొని, కొంతదూరము దానితోకూడ తిరిగి, పట్టు సడలినచోటినుండి చక్రపు అంచును తాకుచు పోవు సరళరేఖ వెంబడి ఎగిరిపోవును; త్రొక్కువానిని బట్టి చూచినచో, ఎగురునప్పటి దాని వేగము సైకిలు వేగమంతయే. గంటకు 18 కిలోమీటర్ల వడిని పోవు సైకిలు సెకనునకు 5 మీటర్లు సాగును గాన, వెనుక చక్రపు కొట్టకొసను విడివడిన బిందువు నిట్టనిలువుగా లేచి, గాలి అడ్డగింపకున్నచో, ఇరుసు మట్టమునుండి మీటరుంబావు ఎత్తునకు పోగలదు. అనగా సీటును, నడుమును, భుజమును దాటగలదు. అంతకంటె కొంత పైకి వచ్చి విడివడినది ముందునకు వంగి నేరుగా వీపును చేరును. క్రిందనే విడివడినది వెనుక వచ్చువాని పాలబడును. వేగము 10 కిలోమీటర్లకు తగ్గినచో ఆ ఎత్తు సుమారు 40 సెంటీమీటర్లకు పడిపోవును, ఏలయన ఎత్తు వేగముయొక్క వర్గమును బట్టి పెరుగుచు తరుగుచు నుండును. బీడీ కాల్చుకొనుచు పొలమునకు మెల్లగా పోవు పెద్దమనిషికి మడ్‌గార్డు లేకున్నను గడచుటకును, పందెము వేసికొని పోవు కుఱ్ఱవానికి గడవకుండుటకును రహస్యమిదియే.

మఱి నల్ల సైకిలును కాపాడు మడ్‌గార్డు వంటి యింత సులువైన రక్షణ మౌంటెన్ సైకిలునకు ఏల లేకపోయెనన్నచో, దాని పుట్టింటి సంగతి చెప్పవలెను. కాలిఫోర్నియాలోని మారిన్ ప్రాంతమున, తమల్పాయిస్ పర్వత పరిసరములలో, కొందఱు యువకులు పాత బరువు సైకిళ్లను మట్టిబాటలవెంట పల్లమునకు దూకించు వేడుక 1976లో రీప్యాక్ అను పందెమై, మఱుసటి యేట జో బ్రీజ్ ఆ పనికే ప్రత్యేకముగా చట్రమును కట్టగా, 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ అనువారు దానిని వ్యాపారముగా నెలకొల్పగా, 1996 నాటికి అట్లాంటా ఒలింపిక్సులో క్రీడయై కూర్చున్నది. ఆ కొండలలో వేసవియందు చినుకు అరుదు. లేచునది ధూళియే గాని బురద కాదు. వేసవి వాన అరుదైన బాటలపై, బరువు తగ్గించుకొనుటయే పరమార్థమైన పందెగాండ్ర చేతిలో పెరిగిన యంత్రమునకు మడ్‌గార్డు అనవసరపు అలంకారముగా తోచుటలో వింత లేదు. మన నల్ల సైకిలు వంశము వేఱు. 1949లో మదరాసున నెలకొన్న టి.ఐ. సైకిల్స్ గాని, 1951నాటి సోనీపత్ అట్లాస్ గాని, 1956నాటి లూధియానా హీరో గాని చేసినవి ముసురు దేశమైన ఇంగ్లండు నమూనా ననుసరించినవి గాన, చక్రమును సగము చుట్టివచ్చు ఇనుప రేకు, దానిని పట్టియుంచు కమ్ములు, చైనుకు కవరు, అన్నియు వానితోనే వచ్చినవి. కాలిఫోర్నియా ధూళికి తగిన చట్రమును తెచ్చి నైరృతి ఋతుపవనములకు అప్పగించితిమి. దానికి వీపు మూల్యము చెల్లించుచున్నది.

తరువాత కొని తగిలించుకొందమన్నను, మౌంటెన్ సైకిలునకు మడ్‌గార్డు అమర్చుట కష్టమే. టైరు వెడల్పు రెండంగుళములకు మించును. వెనుక షాకబ్జరు గల సైకిళ్లలో చక్రము పది పదునైదు సెంటీమీటర్లు పైకిని క్రిందికిని ఆడుచుండును. కావున రేకు దగ్గఱగా నున్నచో టైరునకు తగులును, దూరముగా నున్నచో నీటిని వదలును. అంగళ్లలో విరివిగా దొరకునది సీటు క్రింది గొట్టమునకు బిగించి తోకవలె వెనుకకు చాచు ప్లాస్టిక్ పట్టీ. ఇది సీటును, నడుమును చాలవఱకు కాపాడును. చక్రమునకు జానెడు పైననుండుటచే, తలకు దగ్గఱగా పట్టని గొడుగువలె, ప్రక్కల చిమ్మును ఆపలేదు. రాతిబాటను ఊగి ఊగి ఒకప్రక్కకు తిరిగిపోవుట దానికి స్వభావము. అట్లు తిరిగినది ఉన్నదన్న పేరే గాని లేనట్లే. సీటు అడుగున దూర్చు బెత్తెడు రేకు ఇంకను అల్పము, ప్యాంటు తడవకుండ చేయుటతో దాని విద్య ముగియును. వీనికంటె మేలైనది, చక్రమునకు ఇరుప్రక్కల నుండు వెనుక కడ్డీలకే కట్టి, చక్రముతోపాటు లేచి దిగు వెడల్పాటి మడ్‌గార్డు. రేకునకును టైరునకును నడుమ దూరము మాఱదు గాన చక్రము చెంతనే యుండి, తక్కువ వెడల్పుతోనే ఎక్కువ చిమ్మును పట్టుకొనును. ఇంగ్లండులో మడ్‌హగ్గర్ పేర అమ్మునవి ఈ కోవలోనివి.

అయితే చైనునకు, పెడళ్ల ఇరుసునకు, ముఖమునకు అంటు బురదలో అధికభాగము ముందు చక్రము చేయు నిర్వాకము. అది ముందునకు ఎగజిమ్మిన నీటిని గాలి నిలువరింపగా, దానిని మన ముఖమే పోయి అందుకొనును. క్రిందిభాగము చిమ్మినది కాళ్లపైకిని చైనుపైకిని వచ్చును. చైను తుప్పు పట్టకుండవలెనని వెనుక మడ్‌గార్డు కొన్నవాడు, ఒక రోగమునకు మఱియొక మందు తిన్నవాడే.

ఇక మన్ను మాట. రఘునాథపల్లి చుట్టుపట్ల చెల్కలును గలవు, రేగళ్లును గలవు. చెల్కమన్ను ఇసుకపాలు హెచ్చగుటచే నీటితో విడివడి రాలిపోవును. అక్కడ, మఱియు తారురోడ్డుమీద, నిండు మడ్‌గార్డునకు సాటి వచ్చునది లేదు. పత్తిచేల రేగడి అట్లు కాదు. నీరు త్రాగి ఉబ్బి, టైరును పట్టుకొని, రేకు క్రింద మెత్తి మెత్తి, తుదకు చక్రమునే బిగించివేయును. అప్పుడు సైకిలు దిగి, పుల్ల విఱిచి, గోకినగాని కదలదు. నాట్లవేళ దమ్ము చేసిన ట్రాక్టర్లు ఇనుప చక్రములతో మడిబురదను రోడ్డుపై రాల్చిపోవుటచే తారుబాటకును ఈ బాధ తప్పదు. ఇదే మండలమున ఖిలాషాపూరులోని సర్వాయి పాపన్న కోటను వానకాలమున చూడబోవు సైకిలువాడు, నడుమ రేగడిబాట తగిలినచో, టైరునకును రేకునకును నడుమ కనీసము రెండువ్రేళ్ల సందు ఉన్నదా యని ముందే చూచుకొనవలెను. హైదరాబాదు ఔటరు రింగు రోడ్డు ప్రక్కన 2023లో తెఱచిన 23 కిలోమీటర్ల సైకిలుబాటకు సౌరఫలకముల పైకప్పు కలదు. అచట త్రొక్కు భాగ్యవంతులకు ఈ చర్చతో అంతగా పనిలేదు.

వెనుక మడ్‌గార్డు మనిషిని కాపాడునంతగా యంత్రమును కాపాడదు. ఆ పరిమితి నెఱిగి కొన్నవానికి అది పెట్టిన డబ్బునకు సరిపోవును. కొనునపుడు సీటుపై బరువుగా ఒకమాఱు కూర్చుండి లేచి, టైరు రేకునకు తగులుచున్నదేమో చూడుడు. దాని తోక చక్రమును దాటి వెనుకకు వచ్చినదో లేదో గమనింపుడు. మన సైకిళ్ల కర్మాగారములవారికి మాత్రము ఒక్క విన్నపము: నాలుగు నెలలు వాన కురియు దేశమున అమ్ము మౌంటెన్ సైకిలునకు మడ్‌గార్డు నీయకపోయినను, దాని కమ్ములు బిగించుకొనుటకు చట్రమున రెండు రంధ్రములైనను చేసి యిండు.