నేలకొండపల్లి శతకమును విద్యుత్పుస్తకము చేయుట : సహకారులును, పఠనయంత్రమును

తాళపత్రములనుండి ముద్రితపుస్తకములకు వచ్చినపుడు మన గ్రంథములు కొన్ని గుణములను సంపాదించుకొనినవి. కొన్ని దోషములను గూడ వెంటఁ దెచ్చుకొనినవి. ఇప్పుడు ముద్రితపుస్తకమునుండి విద్యుత్పుస్తకమునకు, అనఁగా లోకమున ఈ-బుక్కు అని వ్యవహరింపఁబడు దానికి, మాఱు కాలము వచ్చినది. ఈ పని యంత్రజ్ఞులదే కాని పండితులది కాదని కొందఱు తలఁచుచున్నారు. యంత్రము సమస్తమును దిద్దఁగలదని మఱికొందఱు నమ్ముచున్నారు. ఈ రెండు తలంపులును నిలువవని చూపుట యీ వ్యాసమున కుద్దేశము. ఇందు విచారింపఁదగిన ప్రశ్నలు రెండు. గ్రంథమును సిద్ధపఱచు సాఫ్టువేరు చట్రమునకు సహకారులను సంపాదించుట యెట్లు? సిద్ధమైన గ్రంథమును జదువుటకు యంత్రము నెన్నుకొనుట యెట్లు? ఇవి వేఱువేఱుగఁ గనఁబడినను ఒకే ప్రశ్నకు రెండు ముఖములని తుదకుఁ దెలియఁగలదు.

ఉదాహరణమునకు దాశరథీశతకమును గైకొందము. దీనిని రచించిన కంచెర్ల గోపన్న నేటి ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లివాఁడు, 17వ శతాబ్దివాఁడు. 1672 మొదలు 1687 వఱకు గోలకొండ నేలిన అబుల్‌హసన్ తానీషా కాలమున భద్రాచల రామాలయమును నిర్మించి, చెఱసాల ననుభవించి, రామదాసుగాఁ బ్రసిద్ధి కెక్కెను. ఈ శతకమును గైకొనుటకుఁ గారణములు మూఁడు. ఇది చిన్న గ్రంథము. బడిపిల్లలు కంఠస్థము చేయునది. ఉత్పలమాలా చంపకమాలలలో నడచునది. వీనికంటె ముఖ్యమైన కారణము శతకము పేరులోనే కలదు.

దశరథుని కుమారుఁడు దాశరథి. రథశబ్దమునందలిది థకారము, దానిపై అపత్యార్థకప్రత్యయము చేరఁగా దాశరథి యయ్యెను. కాని యెన్నియో ముద్రణములందును, ఫలకములమీఁదను, నేఁటి విద్యుత్ప్రతులలోను 'దాశరధి' యని ధకారముతోఁ గనఁబడుచున్నది. థకార ధకారములకు లిపిలో భేదము కడుపులోని చుక్క యొక్కటియే. ఈ చుక్క పోయినచో శబ్దమునకు వ్యుత్పత్తి పోవును. మకుటము ప్రతిపద్యమునందు నావృత్తమగును గావున ఒక్క దోషము శతకమంతయు వ్యాపించును. వ్రాఁతప్రతిలో నొక లేఖకుని తప్పు పది ప్రతులకుఁ బ్రాఁకెడిది. అచ్చుతప్పు వేయి ప్రతులకుఁ బ్రాఁకెడిది. విద్యుత్ప్రతిలోని తప్పునకు మేరయే లేదు. ఒకసారి వ్యాపించిన పిమ్మట దానిని మరల్చుట యెవ్వరి చేతను గాదు.

విద్యుత్పుస్తకములు రెండు తెఱఁగులు. పుటలకుఁ దీసిన ఛాయాచిత్రముల కూర్పు మొదటిది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేర జరిగిన కృషివలన తెలుఁగు గ్రంథములు పెక్కు ఇట్టి రూపమున లభించినవి. వీనిని జదువవచ్చును, కాని పదమును వెదకుటకును, అక్షరమును పెద్దది చేసి పంక్తిని మరలఁ బేర్చుటకును వీలు లేదు. ప్రతి యక్షరమునకు సంకేతసంఖ్య నిచ్చి కూర్చిన పాఠము రెండవది. వెనుక నొక్కొక్క ముద్రణాలయపు ఫాంటునకు నొక్కొక్క సంకేతక్రమ ముండెడిది. ఒకచోటఁ గూర్చినది మఱియొకచోటఁ జదువ నలవి కాకుండెడిది. 1991లో వెలువడిన యూనికోడ్ తెలుఁగునకు 128 స్థానములను గేటాయించి యీ బాధను దొలఁగించెను. అరసున్నకును శకటరేఫమునకును అందు స్థానము లున్నవి. ప్రాచీనమైన నకారపొల్లునకు మాత్రము 2021లోఁ గాని ప్రత్యేకస్థానము లభింపలేదు. అట్టి చిహ్నములను గుర్తించి, యవి కావలయునని యడుగఁగలవారు ప్రాఁతప్రతులను జదివినవారే గదా!

ఇంక సాఫ్టువేరు చట్రమన నేమి? నేఁతగాని మగ్గము వంటిది. నూలు మాఱినను, అంచు మాఱినను మగ్గ మొక్కటే యుండును. అట్లే యీ చట్రమునకు నొక గ్రంథపు పుటలను అందించినచో నాలుగు పనులు క్రమముగ జరుగును. పుటాచిత్రమునుండి యక్షరములను గుర్తించుట మొదటిది. ఇందులకు టెస్సరాక్ట్ అను సాఫ్టువేరు కలదు. 1980 ప్రాంతపు దశకమున హ్యూలెట్ పాకార్డు సంస్థలోఁ బుట్టి, 2005లో సర్వజనోపయోగమునకు విడువఁబడిన యిది తెలుఁగును గూడఁ జదువును. గుర్తించినదానిని మనుష్యులు చిత్రముతోఁ బోల్చి దిద్దుట రెండవది. ఛందోలక్షణములచేఁ బరీక్షించుట మూఁడవది. పఠనయంత్రములకుఁ దగిన రూపమునఁ గూర్చుట నాలుగవది. ఈ నాలుగింటిని వేఱువేఱుగఁ జేయు సాధనము లున్నవి. వానిని దెలుఁగు గ్రంథమునకుఁ దగినట్లు ఒక వరుసలో బంధించుటయే చట్రనిర్మాణము.

మూఁడవ పనిని గూర్చి కొంత విస్తరింపవలెను. ఏలయన యంత్రము యొక్క బలమును బలహీనతయు నిచ్చటనే తేటపడును. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణములు; పాదమునకు 20 అక్షరములు; పదవ యక్షరము యతి. చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర గణములు, 21 అక్షరములు, పదునొకండవ యక్షరము యతి. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగ విఱిచినచోఁ జంపకమాల యగును. మాత్రలు రెండింటను 28. కావుననే యొక్క మకుటము రెండు వృత్తముల తుదిని నిలువఁగలిగినది. ఇట్టి నియమములను యంత్రమునకు బోధించుట కష్టము గాదు. పద్యమునకు వృత్తమును నిర్ణయించి యతిప్రాసములను జూపు 'ఛందం' అను సాఫ్టువేరు ఇదివఱకే తెలుఁగునఁ గలదు.

ఇట్టి పరీక్షకు దొరకు దోషములు పెక్కు. 'నీ' యనుచోట 'ని' పడినచో గురువు లఘువగును. ద్విత్వము జాఱినచోఁ బూర్వాక్షరము తేలిపోవును. 'కలఁడు' అనుచో నరసున్న నిండుసున్న యైనచో లఘువు గురువగును. యంత్రము వెంటనే పట్టుకొనును. కాని 'వాఁడు' అనుచో నట్టి తప్పే జరిగినను దీర్ఘము మొదలే గురువు గావున యంత్రమునకు దోషము దోఁపదు. థకార ధకారముల విషయమును నిట్టిదే. గురులఘుభావమున భేదము లేదు. యతిస్థానమునఁ బడినను త, థ, ద, ధలు పరస్పరము మైత్రి గలవి. పకార వకారములును యతికిఁ జెల్లును. రేఫ శకటరేఫముల సాంకర్యమును లాక్షణికులు ప్రాసమునందు నిషేధించిరి గాన నచ్చట మాత్రము కొంత యాధారము దొరకును. పాదమధ్యమున నదియు లేదు. ఛందస్సు మౌనము వహించిన యీ స్థలములందు అర్థజ్ఞానము, వ్యాకరణజ్ఞానము, పాఠాంతరజ్ఞానము మాత్రమే మాటాడఁగలవు. అందుచేత చట్రమునకు మొట్టమొదట కావలసిన సహకారి పండితుఁడు; యంత్రజ్ఞుఁ డటుతరువాతివాఁడు.

ఇది మనకుఁ గ్రొత్త పద్ధతి కాదు. సి. పి. బ్రౌను కడపలో పండితులకు జీతము లిచ్చి, వ్రాఁతప్రతులను దెప్పించి, వానిని సరిపోల్చించి శుద్ధప్రతులు వ్రాయించెను. వేమనపద్యములు 1829లో వెలువడుటకును, పిమ్మట జూలూరి అప్పయ్యపండితుని వంటివారి కృషిచేఁ బ్రబంధములు సవ్యాఖ్యానముగ వెలువడుటకును ఈ యేర్పాటే మూలము. ధనము, సంకల్పము, క్రమము బ్రౌనువి, పాఠనిర్ణయము పండితులది. ఒకరు లేక రెండవవారు సాగియుండరు.

నేఁడు జీతములు లేకయే యిట్టి పని జరుగు చోటొకటి కలదు. 2005లో నారంభమైన తెలుఁగు వికీసోర్సునందు పుటాచిత్ర మొకప్రక్కను, పాఠము మఱియొకప్రక్కను నిలుచును. దిద్దని పుట యెఱుపు, ఒకరు దిద్దిన పుట పసుపు, రెండవవా రామోదించిన పుట పచ్చ. తాను దిద్దిన పుటను తానే పచ్చ చేయుటకు సాఫ్టువేరు ఒప్పుకొనదు. చట్రమే సహకారిని గోరునట్లు నిర్మింపఁబడినదన్నమాట. చూచువాఁడు తన తప్పును తాను జూడఁజాలఁడన్న సత్యమును ఇంతకంటెఁ జక్కఁగ నియమము చేయుట దుస్సాధ్యము.

సహకారులను గోరువారు కొన్ని విషయములను గమనింపవలెను. మొదటిది: కోరిక స్పష్టముగ నుండవలెను. 'తెలుఁగునకు సేవ చేయ రండు' అన్నచో ననేకులు సంతోషింతురు, ఎవ్వరును రారు. 'ఈ పది పద్యములను ఈ రెండు ముద్రణములతోఁ బోల్చి, భేదములను గుర్తింపుఁడు' అన్నచో నిద్దఱైనను వత్తురు. రెండవది: పూర్తికాని చట్రమైనను దాని పనిని ఒక చిన్న మాదిరితోఁ జూపవలెను. పది పద్యములైనను సిద్ధముగఁ జేసి చూపినచోఁ బండితునకు విశ్వాసము, యంత్రజ్ఞునకు గుఱి కలుగును. మూఁడవది: లేఖననియమములను ముందే వ్రాసికొనవలెను. అరసున్న నుంచుటయా, మానుటయా? మూలమందలి సంధిని విడఁదీయుటయా, నిలుపుటయా? పాఠాంతరము లెచ్చటఁ జూపుట? ఇవి నిర్ణయింపక యారంభించినచో నొకరు దిద్దినదానిని మఱియొకరు చెఱుతురు. నాలుగవది: పండితునకు యంత్రభాషను, యంత్రజ్ఞునకు సిద్ధాంతకౌముదిని నేర్ప నెంచరాదు; ఇద్దఱి నడుమ నుండి యొకరి మాట నొకరికిఁ దెలుపువాఁ డొకఁడు చాలును. బడిలోని తెలుఁగు పండితుఁడును, లెక్కల ఉపాధ్యాయుఁడును ఒక్క బల్లయొద్దఁ గూర్చున్నచో నీ పని సగమగును.

స్వామ్యమును గూర్చియు మెలఁకువ వలయును. 1957 నాఁటి భారతీయ కాపీరైటు చట్టమును బట్టి రచయిత మరణించిన పిమ్మట 60 సంవత్సరములకు గ్రంథము సర్వజనస్వామ్యమగును. గోపన్న పద్యములకు నడ్డి లేదు. కాని యిటీవలివారి టీకను వారి యనుమతి లేక చేర్చరాదు. చట్రమునకు వ్రాసిన ప్రోగ్రామును, దిద్దిన పాఠమును ఎల్లరకు లభించు షరతులతో విడిచి, పనిచేసినవారి పేరులను గ్రంథమునందే నిలుపవలెను. పేరు మఱుఁగుపడిన చోటికి సహకారి రెండవమాఱు రాఁడు.

ఇంక పఠనయంత్రము. వీనిలో శ్రేష్ఠమైనవి ఈ-ఇంకు తెఱ గలవి. తెఱలోపలి తెలుపు నలుపు రేణువులు విద్యుచ్ఛక్తిచేఁ గదలి యక్షరముల నేర్పఱచును. పుట త్రిప్పునపుడే శక్తి వ్యయమగును గాని నిలిచియున్న పుటకు వ్యయము లేదు. కాగితమువలె బయటి వెలుతురును బ్రతిఫలించును గాన నెండలోను జదువవచ్చును. సోనీ సంస్థ 2004లోను, అమెజాను 2007లోను ఇట్టి యంత్రములను విపణికిఁ దెచ్చినవి. కొనువారు ధరను, పేరును మాత్రము చూచి కొనుచున్నారు. తెలుఁగు చదువరి చూడవలసినవి వేఱు.

మొదట 'స్త్రీ', 'రాష్ట్రము', 'కార్త్స్న్యము' అను పదములను యంత్రమునఁ దెఱచి చూడవలెను. ఒత్తులు విడిపోయినను, చుక్కల వలయములు కనఁబడినను ఆ యంత్రము తెలుఁగునకుఁ బనికిరాదు. పిదప చిన్న యక్షరములలో 'థ', 'ధ' లను ప్రక్కప్రక్క నుంచి చూడవలెను. తొలి యంత్రములలో నంగుళమునకు 167 బిందువు లుండెడివి. తరువాతివానిలో 300 కలవు. థకారపుఁ జుక్క కంటి కానుట కీ భేదమే కారణము. పిమ్మట నొక యుత్పలమాలాపాదము పంక్తి విఱుగక నిలుచునా యని చూడవలెను. ఆఱంగుళముల తెఱపై నిలువున నిది కష్టము. యంత్రమును అడ్డముగఁ ద్రిప్పి చదువు వీలుండవలెను. మనకు నచ్చిన ఫాంటును చేర్చుకొను సౌకర్యమును, నిఘంటువును జూచు సౌకర్యమును ఉండుట మేలు. అయినను సంధి కలిసిన పదమును నిఘంటువు గుర్తింపదు. పదవిభాగము చేసి యిచ్చినచోటనే యది ఫలించును. ఇదియు మరలఁ బండితుని పనియే.

గ్రంథము ఈపబ్ రూపమున, తాళము లేక, కొనినవాని యధీనమున నుండుట మంచిది. 2009లో అమెజాను సంస్థ జార్జి ఆర్వెల్ గ్రంథములను గొనినవారి యంత్రములనుండి, విక్రయాధికార వివాదమువలన, దూరమునుండియే తొలఁగించినది. ఇంటి బీరువాలోని పుస్తకమున కట్టి భయము లేదు. ఖమ్మము భద్రాచలముల నడిమి యడవిపల్లెలలోని బడికి మఱియొక గుణమును గావలెను: అంతర్జాలము లేనపుడును గ్రంథము తెఱచుకొనవలెను. ఒకసారి నింపిన గ్రంథములు యంత్రమునందే నిలుచునట్టిది యెన్నుకొనవలెను.

ఇప్పుడు రెండు ప్రశ్నలు నొక్కచోఁ గలియుచున్నవి. యంత్రమును జేతఁ బట్టి శతకమును జదువు నుపాధ్యాయునకు ధకారము కనఁబడినపుడు, అది తెఱదోషమా, ఫాంటుదోషమా, పాఠదోషమా యని విమర్శించి, పాఠదోషమైనచో దిద్దువారికిఁ దెలుపుటకు మార్గముండవలెను. అట్టి మార్గము గల గ్రంథమునకుఁ జదువరియే సహకారి. లేనిచో నతఁడు తప్పును సహించువాఁడో, నేర్చికొనువాఁడో యగును. నేలకొండపల్లిలోఁ బుట్టిన కవి పద్యము నేలకొండపల్లి బడిపిల్లవాని చేతికిఁ జేరునప్పటికి థకారము థకారముగ నుండుట మన చేతిలోనిది. ఇందులకుఁ గావలసిన యంత్రములు సిద్ధముగ నున్నవి. పండితులు తమతమ గ్రంథాలయములందలి ప్రాఁతముద్రణములతో నీ శతకపు విద్యుత్ప్రతిని పది పద్యములైనను బోల్చి చూచి, కనుఁగొన్న భేదములను దిద్దువారికి నందింతురు గాక!