తూకం అదే... సత్తువ ఏదీ?

30 ఏళ్ల వయసులో ధాన్యం బస్తాను అవలీలగా భుజానికెత్తుకున్న రైతు 65 ఏళ్లకు అరుగు మీంచి లేవడానికి స్తంభం పట్టుకుంటాడు. కాటా ఎక్కితే బరువు మాత్రం ఇంచుమించు అప్పటిదే! మరి పోయిందేమిటి?

పోయింది కండ. దాని చోట చేరింది కొవ్వు. కాటాకు ఈ తేడా తెలియదు. 30 దాటాక ప్రతి పదేళ్లకూ నూటికి 3 నుంచి 8 పాళ్ల కండ కరుగుతుందని వైద్యుల లెక్క. 60 దాటాక ఈ తరుగు జోరందుకుంటుంది.

'నలభై దాటితే తిన్నది ఖర్చు కాదు, అందుకే పొట్ట' అని రచ్చబండ మీద వినబడుతుంటుంది. ఇది నిజం కాదని 2021లో వెల్లడైన పరిశోధన తేల్చింది. 29 దేశాల్లో పసికందులు మొదలు 95 ఏళ్ల వృద్ధుల దాకా 6,400 మందికి పైగా పరిశీలించారు. ఒంటి పరిమాణాన్ని బట్టి చూస్తే, శరీరం ఖర్చుచేసే శక్తి 20 నుంచి 60 ఏళ్ల దాకా నిలకడగానే ఉంది. ఆ తర్వాతే ఏటా నూటికి 0.7 వంతున తగ్గుతోంది. నడివయసు పొట్టకు వయసును తిట్టి లాభం లేదు. తిండి, కదలిక చూసుకోవాలి.

ముసలివారి విషయంలో ఇళ్లలో జరిగే పొరపాట్లు రెండు. పళ్లు లేవని చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టడం ఒకటి. 'నీకెందుకు తాతా, కూర్చో' అని పని మాన్పించడం రెండోది. ప్రేమతో చేసేవే అయినా కండను కరిగించేవి ఇవే. కండ తగ్గినవారు తూలిపడతారు. ఎముక గుల్లబారి ఉంటే తుంటి విరుగుతుంది. ముట్లుడిగిన స్త్రీలకు ఈ ముప్పు ఎక్కువ.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవారికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 55 కిలోల మనిషికి సుమారు 46 గ్రాములు. ముద్దపప్పు, గుడ్డు, పెరుగు, చేప, వేరుసెనగ వీటిని అందిస్తాయి. మూత్రపిండాల జబ్బున్నవారు డాక్టరును అడిగి తినాలి.

సత్తువ ఇంట్లోనే చూసుకోవచ్చు. చేతులు కట్టుకుని కుర్చీలోంచి వరసగా 5 సార్లు లేచి కూర్చోవాలి. 12 సెకన్లు, ఆపైన పడితే డాక్టరుకు చూపించుకోవాలి.

పోయిన సత్తువ తిరిగొస్తుందా? అమెరికాలో సగటున 90 ఏళ్లున్న వృద్ధులు పదిమందితో 8 వారాలపాటు కాళ్లతో బరువులెత్తే వ్యాయామం చేయించారు. వారి కాళ్ల బలం రెట్టింపును మించి పెరిగిందని 1990లో ప్రకటించారు.

కనుక ఒంట్లో ఓపికున్న తాత మంచినీళ్లకు లేస్తే చెంబు అందించకండి. లేవనివ్వండి!