పట్టీ చెక్కుచెదరలేదట!

సంక్రాంతి దాటి కళ్ళాల్లో మిరపకాయ ఎండటం మొదలైందంటే గుంటూరు యార్డు చుట్టుపక్కల రోడ్లన్నీ టిక్కీల (మిరప బస్తాల) లారీలే. హైవే పక్కన వెల్డింగ్ షాపులకు కూడా అప్పుడే సీజన్. పగిలిన ఛాసీలు వస్తాయి, నిరుడు అతికించుకుని పోయి ఈ ఏడు మళ్ళీ పగలగొట్టుకొచ్చిన ఛాసీలూ వస్తాయి. నాకు ఒళ్ళు మండేది ఈ రెండో రకాన్ని చూసినప్పుడు. ఎందుకంటే వీటిలో చాలావాటి వెనక ఒకటే మాట ఉంటుంది. "పన్నెండు ఎంఎం పట్టీ వేయించు బావా, కొత్త ఛాసీ కన్నా గట్టి!" టీ కొట్టు దగ్గర ఒకడు అంటాడు, వాట్సాప్‌లో పది మందికి చేరుతుంది, పదకొండోవాడు వేయించుకుంటాడు.

చిలకలూరిపేట దాటాక ఒక షాపులో నేను చూసిన పది టైర్ల లారీ సంగతి చెప్తాను. వెనక కమాన్ కట్ట (స్ప్రింగు పట్టాల కట్ట) ముందు బ్రాకెట్ దగ్గర ఛాసీ పగిలితే, ఎనిమిది ఎంఎం చానల్‌కి పన్నెండు ఎంఎం ప్లేటు వేశారు. పలక ముక్కలాగా నలుచదరంగా కోసి, చుట్టూ లావుపాటి కుట్టు లాగారు. నల్ల పెయింటు నిగనిగలాడుతోంది. ప్లేటు చివర నిలువు కుట్టు పక్కనే, బొటనవేలి గోరంత ఎడంలో, పెయింటును చీల్చుకుని సన్నటి ఎర్రగీత. తుప్పు కారుతోంది. కొత్త పగులు.

"మా పట్టీ మాత్రం చెక్కుచెదరలేదు సార్, చూడండి" అన్నాడు మేస్త్రి గర్వంగా.

నిజమే. పట్టీ చెక్కుచెదరలేదు కాబట్టే ఛాసీ చెదిరింది.

ఛాసీ అంటే వంగకుండా నిలబడే దూలం అనుకుంటారు. కాదు. లోడుకి వంగాలి, గుంటలో ఒక చక్రం దిగితే మెలి తిరగాలి, మళ్ళీ యథాస్థానానికి రావాలి. నల్లరేగడి పుంతలో పత్తి లారీ కదలటం వెనకనుంచి చూస్తే తెలుస్తుంది, కేబిన్ ఒక పక్కకీ బాడీ ఇంకో పక్కకీ ఒరుగుతాయి. ఆ మెలికంతా ఛాసీ తన పొడవునా కాస్త కాస్తగా పంచుకుంటుంది. మధ్యలో ఒకచోట మీరు మందపాటి ప్లేటు బిగించారంటే ఆ రెండడుగుల మేర వంగటం మానేస్తుంది. మానేసిన వంపు ఎక్కడికీ పోదు, ప్లేటు అయిపోయే గీత దగ్గర పోగుపడుతుంది. సరిగ్గా ఆ గీత మీదే వెల్డింగ్ వేడికి ఉక్కు గుణం మారి ఉంది, కుట్టు అంచున సన్నటి గాడీ పడి ఉంది. యార్డులో గోతాలు కుట్టే ఆడవాళ్ళను అడగండి. పాత గోతానికి మందపాటి కొత్త అతుకు వేస్తే చిరిగేది అతుకు కాదు, కుట్టు పక్కన పాత గోనె.

ఇంకొకటి. ఛాసీ చానల్‌లో నిలువు పలక నడుమ మీద లాగుడు తక్కువ, పైరెక్క కిందిరెక్కల మీద ఎక్కువ. ముందు వెనక ఇరుసుల మధ్య లోడు కిందిరెక్కను సాగదీస్తుంది, వెనక ఇరుసు మీదికొచ్చేసరికి పైరెక్క సాగుతుంది. అందుకే కంపెనీలు బొక్కలన్నీ నిలువు పలకలోనే పెడతాయి, రెక్కలకు బొక్కా వెల్డింగూ పెట్టొద్దని మొత్తుకుంటాయి. మనవాళ్ళు బాడీ క్లాంపు కోసమో టూల్ బాక్సు కోసమో రెక్క అంచుకే చిన్న టాక్ పెడతారు. అదిగో, వచ్చే ఏటి పగులుకి విత్తనం అక్కడ పడింది.

దీనికి తోడు మహాతెలివి ఒకటి, పాత కమాన్ పట్టాను అతుకు వేయటం. "స్ప్రింగ్ స్టీల్ సార్, దానికి తిరుగులేదు." స్ప్రింగుగా తిరుగులేదు. కానీ అందులో కార్బన్ ఎక్కువ. మామూలు రాడ్డుతో అతికితే కుట్టు పక్కన గాజులా పెళుసెక్కుతుంది.

మిరప తేలిక కాబట్టి ఛాసీకి ఏమీ కాదన్నది ఇంకో నమ్మకం. తేలికే, కానీ ఎత్తు. ఎత్తు లోడు మలుపులో ఊగితే ఆ మెలి ఛాసీదే. అయినా మిరప మీద నింద వేసేముందు మిగతా ఎనిమిది నెలలూ ఆ బండి ఏం మోసిందో చూడండి. 170 కిలోల పత్తి బేళ్ళు వంద ఎత్తితే 17 టన్నులు, కానీ బాడీ అంతా పరుచుకుంటుంది. చీమకుర్తి గ్రానైట్ బండ ఒక్కటి 3 మీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు ఉంటే 19 టన్నుల పైమాటే, అదంతా మూడు మీటర్లలోనే కూర్చుంటుంది. అక్కడ మొదలైన పగులు ఫిబ్రవరిలో టిక్కీల కింద బయటపడితే పాపం మిరపది.

2018లో కేంద్రం ఇరుసు బరువులు పెంచింది కాబట్టి పాత బండి కూడా మోసేస్తుందంటారు. నాలుగు టైర్ల ఇరుసుకి 10.2 టన్నులున్న పరిమితి 11.5 అయింది, జంట ఇరుసులకి 19 ఉన్నది 21 అయింది. గెజిట్ చదువుకుని ఉక్కు బలిసిన దాఖలా మాత్రం లేదు. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) వచ్చింది కదా అంటారా, ఎఫ్‌సీకి ముందు కొట్టించిన నల్ల పెయింటు కింద ఏముందో మీకూ తెలుసు. ఇన్సూరెన్సు ఇస్తుందా? అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ పాలసీలో ఉండవు. బంపరుకి నిమ్మకాయా మిరపకాయలూ కడితే? మిరపకాయలు గుంటూరువే కదా, కట్టుకోండి.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోక తప్పదు. "పాత బెంజి బండ్లకి ఎలా అతికినా నిలిచేది" అని పెద్ద మేస్త్రీలు అంటారు. 1954లో టాటాల టెల్కో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టింది, ఆ సంబంధం 1969లో ముగిసింది. అయినా మనవాళ్ళకి టాటా లారీ చాలాకాలం బెంజి లారీయే. ఆ తరం ఛాసీల ఉక్కు మెత్తనిది, వెల్డింగులో తప్పు చేసినా ఓర్చుకునేది. ఇప్పటివి బరువు తగ్గించటానికి గట్టి ఉక్కుతో చేసినవి, ఆ ఓర్పు వీటికి తక్కువ. కాబట్టి పెద్ద మేస్త్రీలు చెప్పింది అబద్ధం కాదు, వాళ్ళు చెప్పిన బండి ఇప్పుడు మీ దగ్గర లేదు, అంతే.

అలాగని పగిలిన ప్రతి ఛాసీనీ పారేయమనే షోరూము పాట కూడా నేను పాడను. ఒక్క పక్కే, ఒక్కచోటే పగిలి, చానల్ వంకర పోకపోతే బాగుచేయొచ్చు, పద్ధతిగా చేస్తే. లోడు దించాలి. ఛాసీ కింద స్టాండ్లు పెట్టి బరువు తీసేయాలి. పగులు చివర కనిపెట్టి అక్కడ బొక్క వేసి ఆపాలి. గ్రైండరుతో వి ఆకారంలో గాడి తీసి, పొడిగా వేడిచేసి ఉంచిన లో హైడ్రోజన్ రాడ్లతో నింపి, చానల్ పొడవు దిశలోనే నున్నగా అరగదీయాలి. దన్ను కావాలంటే ఛాసీ మందానికి మించని, అదే రకం ఉక్కు చానల్ పొడవుగా వేయాలి, చివరలు ఏటవాలుగా కోయాలి, వెల్డింగుతో కాకుండా నిలువు పలకకే హైటెన్సిల్ బోల్టులతో బిగించాలి. దాని చివర కమాన్ బ్రాకెట్ దగ్గర ఆగకూడదు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండైతే రాడ్డు ముట్టించేముందు బ్యాటరీ వైర్లూ ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) కనెక్టర్లూ తీయించండి. లేకపోతే ఛాసీ అతుకుతుంది, ఈసీయూ పోతుంది.

రెండు చానళ్ళూ ఒకేచోట పగిలినా, స్టీరింగ్ బాక్సు బిగించే చోట పగిలినా, తుప్పు తిని రేకులు లేస్తున్నా, పద్ధతిగా చేసిన రిపేరే మళ్ళీ విచ్చుకున్నా ఇక బేరాలొద్దు, మార్చండి. నంబరు కొట్టి ఉన్న చానల్‌నే మార్చాల్సి వస్తే ముందు ఆర్టీఓ ఆఫీసు మెట్లెక్కండి. "నంబరు మనమే పంచ్ చేసేద్దాం" అనే మేస్త్రి దొరికితే బండి అక్కణ్ణుంచి తీసేయండి, జైలుకి పోయేది ఓనరు.

అంతదాకా రాకుండా ఉండాలంటే నెలకోసారి, లోడు దింపి బండి కడిగిన మర్నాడు పొద్దున్నే, టార్చి పట్టుకుని కిందికి దూరండి. వెనక కమాన్ బ్రాకెట్లు, క్రాస్ మెంబర్ల మూలలు, పాత అతుకుల చివరలు చూడండి. ఎర్రగీత కనబడితే అక్కడ పెయింటు గీకి, కిరసనాయిలు పూసి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లండి. కిరసనాయిలు దొరక్కపోతే డీజిలైనా సరే. పగులుంటే లోపల దాగిన చమురు ఊరి సుద్ద మీద తడిగీత పడుతుంది. ఆ గీత రెండు చివరలా గుర్తుపెట్టి, పక్కన తేదీ రాసి ఫోటో తీసుకోండి. మేస్త్రిని ఆ తర్వాత పిలవండి.