మొదటి రెజ్యూమె ఎలా రాసుకోవాలి? పది, ఇంటర్, ఐటీఐ పిల్లల కోసం

జాబ్ మేళాకు వెళ్లినా, శిక్షణ అయ్యాక ఇంటర్వ్యూకు పిలిచినా మొదట అడిగే కాగితం రెజ్యూమె. నెట్ సెంటర్‌లో పాత ఫైలు తీసి, పేరు మార్చి ప్రింటు కొట్టిస్తే సరిపోదు. అందులో ఉన్న ప్రతి మాట మీదా ప్రశ్న అడుగుతారు, జవాబు చెప్పాల్సింది మీరే. అందుకే నిజంగా చేసిందే, చూపించగలిగిందే రాయండి.

ఒక్క పేజీలో ఏమేం ఉండాలి?

1. పేరు: పదో తరగతి మెమోలో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా. ఆధార్‌లో స్పెల్లింగ్ వేరుగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. లేకపోతే రేపు పీఎఫ్ డబ్బు తీసుకునేటప్పుడు ఇబ్బంది పడతారు.

2. ఫోన్ నంబరు: రీఛార్జ్ అయిపోతే ఆగిపోయే నంబరు ఒక్కటే ఇవ్వకండి. ఇంట్లో ఎప్పుడూ పలికే రెండో నంబరు కూడా రాయండి. ఫలానా కంపెనీ నుంచి ఫోన్ రావచ్చని ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి.

3. చిరునామా: 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం, వంగర, సంతకవిటి మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి, పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. పాత సర్టిఫికెట్‌లో పాత జిల్లా ఉన్నా కంగారు వద్దు. రెజ్యూమెలో ఇప్పటి జిల్లానే రాయండి.

4. చదువు: చివరగా చదివింది పైన. బడి, ఊరు, సంవత్సరం, మార్కులు. సప్లిమెంటరీలో పాసైతే దాచొద్దు, మెమోలో ఎలాగూ కనిపిస్తుంది.

5. భాషలు: ఇచ్ఛాపురం వైపు వాళ్లకు ఒడియా వస్తుంది. సీతంపేట వైపు పిల్లల్లో చాలామందికి సవర వస్తుంది. ఇవీ అర్హతలే, సిగ్గుపడి వదిలేయొద్దు.

“అనుభవం లేదు, ఏటి రాయాలి?”

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. జీతం ఇచ్చిన పనే అనుభవం అనుకోకండి. ఇలా రాయొచ్చు:

• “అమ్మకు సాయం చేస్తాను” అని కాకుండా: “అమ్మ పొదుపు సంఘం లెక్కల పుస్తకం రెండేళ్లుగా రాస్తున్నాను. పది మంది పొదుపు, అప్పు, వడ్డీ లెక్క చూస్తాను.”

• “షాపులో ఉన్నాను” అని కాకుండా: “వేసవి సెలవుల్లో మామయ్య కిరాణా కొట్టులో సరుకు లెక్క, ఫోన్‌పే వసూళ్లు చూశాను.”

• పలాసలో మీ ఇంటిది జీడిపప్పు వ్యాపారమైతే: “గుండు, బద్ద వేరుచేయడం, తూకం, ప్యాకింగ్ తెలుసు.”

ఎంతకాలం, ఎంతమంది, ఏ పని: ఈ మూడూ ఉంటే అవతలివాళ్లకు మీరు కనిపిస్తారు. అదే “కష్టపడి పనిచేస్తాను” అని ఎవరైనా రాస్తారు.

ముందు తెలుగులో రాసుకుని, తర్వాత చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లీషులోకి మార్చండి. అర్థం తెలియని ఇంగ్లీషు మాట ఒక్కటీ ఉంచొద్దు.

18 నిండలేదా?

వయసు పెంచి రాయకండి. పైడిభీమవరం మందుల కంపెనీల్లో రసాయనాల పని, బొబ్బిలి ఫెర్రో అల్లాయ్స్‌లో కొలిమి పని లాంటి ప్రమాదకరమైన పనుల్లో 18 లోపు వారిని పెట్టకూడదని చట్టం. అబద్ధపు వయసుతో చేరితే, రేపు ప్రమాదం జరిగినప్పుడు మీ కాగితాలే మీకు అడ్డం తిరుగుతాయి. ప్రమాదం లేని పనుల్లో 14 ఏళ్లు నిండినవారు అప్రెంటిస్‌గా చేరవచ్చు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం అందుకు వీలిచ్చింది.

ఇవి రాయొద్దు

ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, కులం, మతం. రెజ్యూమె ఎన్ని చేతులు మారుతుందో మీకు తెలీదు. ఆధార్, బ్యాంకు వివరాలు ఉద్యోగం ఖాయమయ్యాక ఇస్తే చాలు.

తర్వాత ఎక్కడికి?

• జిల్లా ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు చేసుకోండి. నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లోనూ ఉచితంగా నమోదు కావచ్చు.

• గ్రామీణ పేద కుటుంబాల్లో 15 నుంచి 35 ఏళ్ల వారికి దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కింద ఉచిత శిక్షణ ఉంది. మన రాష్ట్రంలో సీడాప్ చూస్తుంది. అమ్మ పొదుపు సంఘంలో ఉంటే వెలుగు ఆఫీసులో అడగండి.

ముఖ్య గమనిక: ఉద్యోగం ఇప్పిస్తామని డిపాజిట్ అడిగినా, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచమన్నా ఇవ్వొద్దు. ఒరిజినల్ చూపించి వెనక్కి తీసుకోండి, జిరాక్స్ మాత్రమే ఇవ్వండి.