ట్యాపెట్ల చప్పుడు ఆగిపోతే భయం ఎందుకు?

ఇంజన్ పైభాగం కుట్టుమిషన్‌లా టకటకమంటుంటే "ట్యాపెట్లు లూజయ్యాయి, టైట్ చేయించు" అని చెప్పేవాళ్లు వీధికొకరు ఉంటారు. అదే చప్పుడు మెల్లగా తగ్గి ఒకనాటికి మాయమైతే మాత్రం ఎవరూ పట్టించుకోరు. బండి స్మూత్‌గా ఉందని మురిసిపోతాం. నేనూ మురిసిపోయాను. నాది మట్టిదారుల్లో తిప్పడానికి కొన్న 150 సీసీ సింగిల్ సిలిండర్ బండి. చప్పుడు నచ్చక ఒక షెడ్డులో ట్యాపెట్లు బిగించమన్నాను, బిగించారు. రెండు వారాలు చెవులకు హాయిగా ఉంది. ఆ తరవాత పది కిలోమీటర్లు తిరిగి ఆపితే బండి మళ్లీ లేచేది కాదు. కిక్కు కొడితే కాలికి బరువే తగిలేది కాదు, ఖాళీ డబ్బా తొక్కినట్టుండేది. అరగంట చల్లారాక మళ్లీ మామూలే.

అసలు ట్యాపెట్ల దగ్గర సందు ఎందుకు?

క్యామ్ తిరుగుతూ రాకర్‌ను ఎత్తుతుంది, రాకర్ రెండో కొస వాల్వు స్టెమ్‌ను కిందికి తొక్కుతుంది. తొక్కనప్పుడు ఆ రెంటి మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. వేడికి లోహం సాగుతుంది కాబట్టి. 100 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ 100 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.12 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చుట్టూ ఉన్న అల్యూమినియం హెడ్డు కూడా సాగుతుంది కానీ, మండిన గ్యాసు మధ్యలో నిలబడే ఎగ్జాస్ట్ వాల్వుకు పట్టేంత వేడి దానికి పట్టదు. అందుకే ఎగ్జాస్ట్ వైపు ఎక్కువ సందు, ఇన్‌లెట్ వైపు తక్కువ. సుజుకీ డీఆర్650 లెక్క చూడండి: చల్లటి ఇంజన్‌లో ఇన్‌లెట్‌కు 0.08 నుంచి 0.13, ఎగ్జాస్ట్‌కు 0.17 నుంచి 0.22 మిల్లీమీటర్లు. జిరాక్సు కాగితం మందం సుమారు 0.1 ఉంటుంది. మీ బండి అంకె మీ బండి మాన్యువల్‌లోనే చూసుకోవాలి, పక్కవాడి బండిది పనికిరాదు.

సందు లేకపోతే వేడెక్కిన వాల్వు పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ కారిపోతుంది. నా కిక్కు బరువు పోయింది అందుకే. అంతకంటే పెద్ద ముప్పు ఒకటుంది. వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటు మీద ఆనుకున్న ఆ కాసేపట్లోనే హెడ్డులోకి దించుకుంటుంది. ఆనడమే లేకపోతే వేడి దిగదు, అంచు కాలి తినేస్తుంది. లూజుగా ఉన్న వాల్వు చప్పుడు చేసి చెబుతుంది. టైటయింది నోరెత్తకుండా కాలిపోతుంది.

అరిగితే సందు పెరగాలి కదా, తగ్గుతుందేం?

రాకర్ కొస, క్యామ్ అరిగితే పెరుగుతుంది, నిజమే. కానీ వాల్వు ముఖం, సీటు అరిగితే వాల్వు హెడ్డులోకి ఇంకాస్త పైకి దిగబడుతుంది. దాని కొస రాకర్‌కు దగ్గరవుతుంది, సందు మూసుకుపోతుంది. మట్టిలో తిరిగే బండికి ఈ బెడద ఎక్కువ. ఎయిర్ ఫిల్టర్ సరిగ్గా కూర్చోకపోతే లోపలికి పోయే దుమ్ము ఇన్‌లెట్ సీటును ఎమ్రీ పొడిలా నూరేస్తుంది.

ఇంట్లో ఎలా చేసుకోవాలి?

తెల్లారగానే చేయండి. ఇంజన్ 35 డిగ్రీల లోపు ఉండాలని చాలా జపాన్ బళ్ల మాన్యువళ్లు అంటాయి. మే నెల మధ్యాహ్నం బెజవాడలో రాత్రంతా ఆపి ఉంచిన బండి కూడా ఆ లెక్కన చల్లటిది కాదు. ముందు ట్యాంకు తీసి హెడ్డు చుట్టూ మట్టి కడిగి తుడవండి. ప్లగ్గు తీస్తే క్రాంక్ చేత్తోనే తేలిగ్గా తిరుగుతుంది. ప్లగ్గు రంధ్రంలో గుడ్డ కుక్కడం మరిచిపోవద్దు.

మాగ్నెట్ కవర్ మీది రెండు మూతలు విప్పి, క్రాంక్ బోల్టును ఇంజన్ తిరిగే దిక్కుకే తిప్పుతూ ‘టీ’ గీతను గాడికి తేవాలి. పక్కనే ‘ఎఫ్’ గీత ఉంటుంది, అది ఇగ్నిషన్‌ది. చాలామంది తప్పేది ఇక్కడే. పిస్టన్ రెండు చుట్లలో రెండుసార్లు పైకి వస్తుంది. మనకు కావలసింది కంప్రెషన్ చివర వచ్చేది. రాకర్లు రెండూ వేళ్లతో పట్టి కదిపితే టిక్కుమని ఆడాలి. బిగుసుకుని ఉంటే ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. గీత దాటిపోతే వెనక్కి తిప్పొద్దు. కొన్ని బళ్లలో డీకంప్రెసర్ పట్టుకుని ఎగ్జాస్ట్ వాల్వును ఎత్తి ఉంచుతుంది, కొలత అబద్ధం చెబుతుంది. మళ్లీ రెండు చుట్లు తిప్పుకోవడమే మేలు.

ఇప్పుడు ఫీలర్ గేజ్ రేకుకు చుక్క ఆయిల్ రాసి స్క్రూ కొసకూ స్టెమ్‌కూ మధ్య జొనపండి. పుస్తకం కింద ఉన్న నోటును లాగినట్టు పట్టీ పట్టనట్టు రావాలి. చేతికి అలవాటు లేకపోతే ఇంకో దారి: తక్కువ అంకె రేకు సులువుగా దూరాలి, హద్దు దాటిన రేకు దూరకూడదు. సరిగా లేకపోతే లాక్ నట్టు వదులు చేసి స్క్రూ తిప్పండి. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా వెంట తిరుగుతుంది, దాన్ని పట్టుకునే బిగించాలి. బిగించాక మళ్లీ కొలవాలి. నాకు మొదటిసారి ఒక్క వాల్వుకే ఆరుసార్లు పట్టింది. స్క్రూ కొస గుంటపడితే చదును రేకు గుంట మీద వంతెనలా నిలుస్తుంది. గేజ్ సరిపోయినా చప్పుడు పోదు, ఆ స్క్రూ మార్చాల్సిందే.

షిమ్ములుండే ఇంజన్లలో స్క్రూ ఉండదు, క్యామ్ విప్పి బిళ్ల మార్చాలి. లెక్క తేలికే: పాత షిమ్ము మందానికి కొలిచిన సందు కలిపి, కావలసిన సందు తీసేయాలి. 2.80 షిమ్ముతో 0.05 ఉండి 0.15 కావాలంటే 2.70 వేయాలి. పని మాత్రం తేలిక కాదు, మొదటిసారి తెలిసినవాళ్లను పక్కన పెట్టుకోండి. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ వాళ్లకు ఈ గేజ్ గోలే లేదు, పుష్‌రాడ్ వేళ్ల మధ్య స్వేచ్ఛగా తిరిగితే చాలు.

మూతలు పెట్టేముందు క్రాంక్ రెండు చుట్లు తిప్పి ఇంకోసారి కొలవండి. ఓ-రింగులు ఎండిపోతే కొత్తవి వేయండి. అల్యూమినియం మరలను కండబలంతో బిగించొద్దు.

విప్పగానే దొరికిన కొలతను, కిలోమీటర్లతో సహా, నేను చిన్న నోటుబుక్కులో రాసుకుంటాను. సరిచేసిన ఇన్‌లెట్ సందు వెయ్యి కిలోమీటర్లకే మళ్లీ మూసుకుపోయిందంటే ఇక స్క్రూతో పని లేదు. హెడ్డు విప్పి సీటు చూడాలి.